మాజీ సైనికుల పాలీక్లినిక్: లోపలి గది కంటే బయటి బల్ల మేలు

మా అన్నయ్య 2019లో సైన్యం నుంచి హవల్దారుగా పదవీ విరమణ చేసి ఇంటికి వచ్చాడు. అప్పటి నుంచి మా కుటుంబం మాజీ సైనికుల కోసం ఏర్పాటైన సేవలు కొన్నింటిని దగ్గరగా చూసింది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, మాజీ సైనికుల వైద్య పథకం కింద నడిచే పాలీక్లినిక్, మానసిక సలహా కోసం ఉన్న టెలి మానస్ ఫోను సేవ వాటిలో ముఖ్యమైనవి. కొత్తగా తెరిచిన హోటలు గురించీ, కొన్న మిక్సీ గురించీ పేజీలకు పేజీలు రాసే మనం వీటి గురించి రాయము. ఎవరైనా రాసినా మిలిటరీ క్యాంటీన్‌లో ఏ సరుకు ఎంతకు దొరుకుతుందన్న దగ్గరే ఆగిపోతారు. నేను చూడదలచినది ఒక్కటే: ఇరవై నాలుగేళ్లు యూనిఫాం వేసుకున్న మనిషి మళ్లీ ఇంటి మనిషి కావడానికి ఈ సేవలు ఏ మేరకు పనికివచ్చాయి? మా జిల్లా పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ నేను ఎత్తిచూపే లోపాలు అక్కడ పనిచేసే నలుగురైదుగురు ఉద్యోగుల సొంత లోపాలు కావు.

ముందుగా సమస్య స్వరూపం చెప్పాలి. మన ఊళ్లలో పెన్షన్ వచ్చినాయన అంటే అరుగు మీద కూర్చుని పేపరు చదివే పెద్దమనిషి గుర్తుకొస్తాడు. సైన్యంలో లెక్క వేరు. సిపాయిగా చేరి అదే హోదాలో ఉండిపోయినవాడు నలభై నిండకముందే ఇంటికి వచ్చేస్తాడు, హవల్దారు అయినవాడు నలభై దాటిన రెండు మూడేళ్లకు వస్తాడు. సైన్యాన్ని ఎప్పుడూ యువకులతో ఉంచాలన్న విధానం వల్ల దేశంలో ఏటా దాదాపు 60,000 మంది ఇలా బయటికి వస్తున్నారు. వచ్చేనాటికి వారి పిల్లలు హైస్కూల్లోనో ఇంటర్‌లోనో ఉంటారు, ఇంటి అప్పు సగం కూడా తీరి ఉండదు, ఒంట్లో శక్తి ఏమాత్రం తగ్గి ఉండదు. అంత మనిషికి అరుగు ఇచ్చి కూర్చోమంటే ఎలా కూర్చుంటాడు?

అన్నయ్య 1995లో హైదరాబాదులోని గోల్కొండ ఆర్టిలరీ (ఫిరంగి దళం) సెంటరులో శిక్షణ మొదలుపెట్టి, నాలుగేళ్ల సర్వీసుకే కార్గిల్ యుద్ధం చూసి, ఆ తర్వాత కాశ్మీరు నుంచి రాజస్థాన్ ఎడారి దాకా తిరిగి వచ్చాడు. ఇంటికి వచ్చిన మొదటి ఏడాది తెల్లవారుజామున నాలుగింటికే లేచేవాడు, ఆయనతో పాటు ఇల్లంతా లేవాల్సి వచ్చేది. దుప్పటి మడత సరిగా లేదని కొడుకు మీద, కూర అయిదు నిమిషాలు ఆలస్యమైందని వదిన మీద విరుచుకుపడేవాడు. బ్యాంకులో వరుస తప్పి ముందుకు వెళ్లిన మనిషి కాలరు పట్టుకున్నాడు. పెళ్లికి వెళ్తే గోడకు వీపు ఆనించి, తలుపు కనిపించే చోటు చూసుకుని మరీ కూర్చునేవాడు. సాయంత్రం ఆరు దాటితే క్యాంటీన్ కోటా సీసా బల్ల మీదికి వచ్చేది. ఊరివాళ్లు ‘మిలిటరీ కోపం’ అని నవ్వుకుని వదిలేశారు. ఆ మాట వినడానికి సరదాగానే ఉంటుంది గానీ, దాని చాటున ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లు నిద్రలేకుండా గడుపుతున్నారో ఊరికి పట్టదు.

పదవీ విరమణకు ముందే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ రీసెటిల్‌మెంట్ అనే రక్షణ శాఖ విభాగం పునరావాస కోర్సులు నడుపుతుంది. అన్నయ్య కూడా ఒకటి చేశాడు. ఏ కోర్సు ఎంచుకున్నావని అడిగితే, ఇంటికి దగ్గరగా ఉన్న ఊళ్లో ఏది దొరికితే అదే తీసుకున్నానన్నాడు. ఆయన బ్యాచ్‌లో చాలామంది అలాగే చేశారట. ఇరవై ఏళ్లకు పైగా ఇంటికి దూరంగా ఉన్నవాడు చివరి కొన్ని నెలలైనా ఇంటి గాలి పీల్చాలనుకోవడం తప్పు కాదు. కోర్సు పత్రంతో ఒక ప్రైవేటు సెక్యూరిటీ సంస్థలో సూపర్‌వైజరుగా చేరాడు. పేరుకు సూపర్‌వైజరు, పని మాత్రం అపార్టుమెంటు గేటు దగ్గర రాత్రి కాపలా. ఒక కుర్రాడు కారు అద్దం దించి “ఏయ్, వాచ్‌మన్!” అని పిలిచిన మరునాడు ఆ ఉద్యోగం మానేశాడు. వాచ్‌మన్ పని చిన్నదని కాదు. పదిమంది మనుషులు, ఒక ఫిరంగి, దాని మందుగుండు తన మాట మీద నడిచిన చోటు నుంచి వచ్చిన మనిషికి అంత కిందికి దిగడానికి మధ్యలో ఒక్క మెట్టయినా ఎవరూ చూపించలేదు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం గురించి చెప్పుకోవాల్సిన మంచి చాలా ఉంది. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ పేమెంట్ ఆర్డరు, ఫోటోలు పట్టుకుని వెళ్తే గుర్తింపు కార్డు పని సాఫీగానే జరుగుతుంది. ఉద్యోగాలకు పేరు నమోదు చేసేదీ అక్కడే. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సీ ఉద్యోగాల్లో పది శాతం, పూర్వపు గ్రూప్ డీ ఉద్యోగాల్లో ఇరవై శాతం మాజీ సైనికులకు కేటాయించి ఉన్నాయని, పదో తరగతి పాసై పదిహేనేళ్ల సర్వీసు ఉన్నవారిని కొన్ని ఉద్యోగాలకు డిగ్రీ ఉన్నవారితో సమానంగా చూస్తారని మాకు మొదట చెప్పింది అక్కడి గుమాస్తాయే. ఆయన కూడా మాజీ సైనికుడు. అన్నయ్య కూతురికి ఇంజనీరింగులో సీటు వచ్చినప్పుడు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టించింది కూడా ఆయనే. ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500 రూపాయలు ఇచ్చే ఆ పథకం వల్ల మా అమ్మాయి ఫీజుకు ఏడాదికి 36,000 కలిసొచ్చాయి. కాగితం దగ్గర ఈ కార్యాలయానికి నేను అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తాను. అయితే వదిన ఒకసారి, ఈయనకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, ఎవరితో మాట్లాడించాలి సార్ అని అడిగితే, ఆ గుమాస్తా చేతిలోని పెన్ను కింద పెట్టి చాలాసేపు ఆలోచించి, “దానికి ఫారం లేదమ్మా” అన్నాడు. వెటకారంగా అనలేదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు.

ఇక పాలీక్లినిక్. మాజీ సైనికుల వైద్య పథకం 2003 ఏప్రిల్ 1న మొదలైంది, ఇప్పుడు దేశమంతటా 400కు పైగా పాలీక్లినిక్‌లు ఉన్నాయి. పదవీ విరమణ సమయంలో హోదాను బట్టి ఒకేసారి కొంత మొత్తం కట్టాలి. హవల్దారు దాకా అది 30,000 రూపాయలు. ఆ తర్వాత మనిషికీ భార్యకూ జీవితాంతం, ఆధారపడిన పిల్లలకూ తల్లిదండ్రులకూ షరతుల మేరకు వైద్యం అందుతుంది. ఇవాళ ప్రైవేటు ఆరోగ్య బీమా ఏడాదికి ఎంత గుంజుతుందో తెలిసినవారు ఎవరూ ఈ బేరాన్ని తప్పుపట్టలేరు. మా అమ్మ మోకాలి ఆపరేషన్ ఈ పథకం కార్డు మీదే జరిగింది, మా జేబులోంచి పోయింది ఆటో ఖర్చులే. మందుల కౌంటరులో కొన్నిసార్లు సగం మందులు ఉండవు. లేవని రాయించుకుని బయట కొని బిల్లు పెట్టుకోవాలి, ఆ డబ్బు రావడానికి ఓపిక పట్టాలి. ఈ సంగతి కార్డు ఉన్న ప్రతివారికీ తెలిసిందే కనుక దాని మీద ఎక్కువ రాయను.

పరిధిలోని మాజీ సైనికుల సంఖ్యను బట్టి పాలీక్లినిక్‌లను ఏ, బీ, సీ, డీ రకాలుగా విభజించారు. మా వైపు ఉన్నది చిన్న రకం. సాధారణ వైద్యులు, దంత వైద్యుడు, చిన్న ల్యాబు, మందుల కౌంటరు ఉంటాయి; తక్కిన వాటన్నిటికీ రిఫరల్ రాయించుకుని గుర్తింపు పొందిన ప్రైవేటు ఆసుపత్రికో ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లాలి. అన్నయ్య రెండేళ్ల పాటు బీపీ మాత్రల కోసమే వెళ్లివచ్చాడు. బీపీ ఎందుకు దిగడం లేదని డాక్టరు అడిగిన ప్రతిసారీ “ఏమీ లేదు సార్, అంతా ఠీక్” అనేవాడు. మూడో ఏడు వదిన పట్టుబట్టి లోపలికి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని, నిద్ర సంగతీ సీసా సంగతీ అన్నీ చెప్పింది. ఆ యువ వైద్యురాలు తొందరపడకుండా విని, మొదట చెవి పరీక్షకు, తర్వాత మానసిక వైద్యుడికి రిఫరల్ రాసింది.

చెవి సంగతి మాకు ఎవరికీ తట్టలేదు. ఏళ్ల తరబడి ఫిరంగుల పక్కన నిలబడిన మనిషికి రెండు చెవుల్లోనూ పై స్వరాలు వినపడడం లేదని పరీక్షలో తేలింది. పిలిస్తే పలకడు, చెప్పింది పట్టించుకోడు, టీవీ ఇల్లు అదిరేలా పెడతాడు అని మేము మూడేళ్లుగా ఆడిపోసుకున్నదంతా సగానికి సగం వినపడకపోవడం వల్లే జరిగింది. నలుగురు కూర్చుని నవ్వుకుంటుంటే ఏమని నవ్వుతున్నారో తెలియక లేచి వెళ్లిపోయే మనిషిని మేము గర్విష్ఠి అనుకున్నాం. ఈ పథకం కిందే వినికిడి యంత్రం వచ్చింది. సైన్యం నుంచి, ముఖ్యంగా ఆర్టిలరీ, ట్యాంకు దళాల నుంచి వచ్చినవారి కుటుంబాలు మొట్టమొదట చేయించాల్సింది చెవి పరీక్ష అని నా అభిప్రాయం. కోపానికి మందు వెతకడం ఆ తర్వాత సంగతి.

మానసిక వైద్యుడి రిఫరల్ దగ్గర మాత్రం కథ అడ్డం తిరిగింది. కాగితాలు ఇచ్చే కౌంటరు దగ్గర ముప్పై మంది నిలబడి ఉండగా, అక్కడి ఉద్యోగి అలవాటు ప్రకారం గట్టిగా, “హవల్దార్ సాబ్, సైకియాట్రీ మీదే కదా!” అని పిలిచాడు. అతనికి గుండె, కన్ను, సైకియాట్రీ అన్నీ ఒకటే, కాగితం మీది మాటలే. అన్నయ్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకుని, బస్సెక్కి ఇంటికి వచ్చేశాడు. దాని గడువు జేబులోనే తీరిపోయింది. లోపల అంత ఓపికగా విన్న వైద్యురాలి శ్రమ బయట ఒక్క కేకతో పోయింది. కాగితాన్ని మడిచి చేతికివ్వడానికి బడ్జెట్ అక్కర్లేదు, కొత్త పోస్టు మంజూరు కానవసరం లేదు. వైద్యం, మందులు, ఖర్చు వరకు నాలుగు నక్షత్రాలు ఇవ్వదగిన ఈ పాలీక్లినిక్‌కు మనసు విషయంలో ఒకటిన్నరకు మించి ఇవ్వలేకపోతున్నాను.

అయినా ఈ సమీక్ష రాస్తున్నది ఫిర్యాదు చేయడానికి కాదు, పాలీక్లినిక్ వరండాలోని బల్ల కోసం. ఉదయం తొమ్మిదికి వెళ్తే డాక్టరు గది పిలుపు పదకొండుకు వస్తుంది. మొదట్లో ఈ రెండు గంటలను నేను లోపంగానే లెక్కపెట్టాను, అన్నయ్యను దింపి పక్కనే చెట్టు కింద నిలబడి గడియారం చూసుకునేవాణ్ణి. కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాను. 1971 యుద్ధంలో పాల్గొన్న ముసలి సుబేదారు ఒకాయన, నేవీ నుంచి వచ్చిన వంటాయన, సైన్యపు సమాచార విభాగం సిగ్నల్స్ నుంచి ఈమధ్యే దిగిన నాయక్ హోదా మనిషి ఒకడు, వీళ్లంతా తెలుగువాళ్లే, ఆ బల్ల మీద కూర్చున్న మరుక్షణం హిందీలోకి మారిపోయేవారు. “కౌన్ సీ యూనిట్?” అన్న ప్రశ్నతో మొదలయ్యేది. ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడని మా అన్నయ్య అక్కడ చేతులు తిప్పుతూ, తొడ చరుస్తూ, ఎక్కడో సియాచిన్ దారిలో కిరోసిన్ స్టవ్ మీద మ్యాగీ వండిన కథ చెప్పి నవ్వుతున్నాడు. ఆయన నవ్వును నేను పెళ్లినాటి ఫోటోలో తప్ప చూసి చాలా ఏళ్లయింది.

పంతొమ్మిదేళ్లకు వెళ్లి నలభై మూడేళ్లకు వచ్చిన మనిషికి కోపం, భయం, స్నేహం, వేళాకోళం అన్నీ ఫౌజీ హిందీలోనే అలవాటయ్యాయి. తెలుగు సెలవుల భాషగా మిగిలిపోయింది. దానిలో ఉత్తరాలు రాయడం, అమ్మానాన్నల క్షేమం అడగడం తప్ప, మంచులో పక్కన నడిచిన స్నేహితుడు జారిపోయిన సంగతి చెప్పడానికి కావలసిన మాటలు ఆయనకు దొరకవు. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పుకుని బతికే నాకు ఈ సంగతి ఒప్పుకోవడం కష్టంగానే ఉంది. తన బాధను ఏ భాషలో దాచుకున్నాడో ఆ భాషలోనే మనిషి దాన్ని బయటికి తీయగలడు.

ఈ విషయం టెలి మానస్ దగ్గర రుజువైంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఈ సేవకు 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, భాష మనమే ఎంచుకోవచ్చు. సైనికుల కోసం, వారి కుటుంబాల కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో దీని ప్రత్యేక విభాగాన్ని 2023 డిసెంబరులో తెరిచారు. మేము చేసింది సాధారణ నంబరుకే. మొదటిసారి నేనే తెలుగు ఎంచి ఫోను అన్నయ్య చేతికిచ్చాను. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, అన్నయ్య “బాగానే ఉన్నానమ్మా” అని రెండు నిమిషాల్లో పెట్టేశాడు. మరో నెలకు, వదిన ఊళ్లో లేని ఒక రాత్రి, ఆయనే మేడ మీదికి వెళ్లి తలుపు వేసుకుని హిందీ ఎంచుకున్నాడు. నలభై నిమిషాలు మాట్లాడాడు. వినాలని నేను ప్రయత్నించలేదు, కానీ చెవి సరిగా వినపడని మనిషి మెల్లగా మాట్లాడలేడు కదా. మధ్యలో ఒక పేరు రెండుసార్లు వినిపించింది. ఆ పేరు మా ఇంట్లో అంతకుముందు ఎన్నడూ వినిపించలేదు. ఈ సేవకు నాలుగున్నర ఇస్తాను. ప్రతిసారీ కొత్త గొంతుకు మొదటి నుంచి చెప్పుకోవలసి రావడం వల్ల ఆ మిగిలిన సగం తగ్గించాను. ఆ ఫోను తర్వాతే ఆయన కొత్త రిఫరల్ రాయించుకుని మానసిక వైద్యుణ్ణి కలిశాడు, ఇప్పటికీ కలుస్తున్నాడు.

వియత్నాం యుద్ధం నుంచి వచ్చినవారు ఆసుపత్రి గడప తొక్కడానికి ఇష్టపడడం లేదని గ్రహించిన అమెరికా ప్రభుత్వం 1979 నుంచి వెట్ సెంటర్లు అనే చిన్న కేంద్రాలను బజారు వీధుల్లో తెరిచింది. వాటిలో పనిచేసేవారిలో చాలామంది మాజీ సైనికులే. ఆ దేశానికి ఉన్న డబ్బు మనకు లేదనేవారికి నేను మా వరండాను చూపిస్తాను: మనుషులు వచ్చి కూర్చునే ఉన్నారు, నమ్మకం కుదిరే ఉంది. వారానికి ఒక పూట ఆ బల్ల పక్కన హిందీ తెలిసిన సలహాదారు ఒకరు కుర్చీ వేసుకుని కూర్చుంటే, సగం పని అక్కడే పూర్తవుతుంది. గది మాత్రం వద్దు, గది ఇస్తే తలుపు మీద బోర్డు పెడతారు.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది రాబోయే రోజుల సంగతి. 2022లో వచ్చిన అగ్నిపథ్ అనే సైనిక నియామక పథకం కింద చేరినవారిలో నాలుగేళ్ల తర్వాత గరిష్ఠంగా నాలుగో వంతు మందినే సైన్యంలో ఉంచుకుంటారు. మిగిలినవారికి సేవానిధి పేరుతో ఒకేసారి కొంత సొమ్ము వస్తుంది గానీ పెన్షన్ ఉండదు, ఈ వైద్య పథకం వర్తించదు. మా వైపు ఊళ్ల నుంచి వెళ్లిన కుర్రాళ్లు ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్లకే వెనక్కి వస్తారు, వాళ్ల దగ్గర ఈ వరండాలోకి రావడానికి కార్డు కూడా ఉండదు.

కొత్తగా పెన్షన్ వచ్చినవారి కుటుంబాలకు మా అనుభవంలోంచి చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. పాలీక్లినిక్‌కు మొదటి రెండుసార్లు భార్యగానీ తమ్ముడుగానీ తప్పక వెంట వెళ్లి డాక్టరు గదిలోకి కూడా వెళ్లాలి, లేకపోతే “అంతా ఠీక్” అన్న మాటే కేసు పేపరు మీద ఉంటుంది. మానసిక వైద్యం రిఫరల్ కాగితం తీసుకోవడానికి ఆయనను పంపకుండా మీరే కౌంటరుకు వెళ్లండి. సెక్యూరిటీ ఉద్యోగానికి పంపే ముందు చేయవలసిన పని ఏమిటో, ఏ గేటు దగ్గరో చూసి రండి. ఉదయం పదిన్నరకు వెళ్తే వరుస తక్కువగా ఉంటుందని కొందరు చెబుతారు, అది నిజమే, కానీ మీరు తొమ్మిదికే వెళ్లండి.

బల్ల గురించి ఒక లోపం కూడా చెప్పాలి. దానిపైన ఉన్న ఫ్యాను రెండు వేసవులుగా తిరగలేదు. అర్జీ పెట్టాం, నిధులు రావాలన్నారు. ఈ మేలో ఒక బుధవారం, మందులు తీసుకునే తేదీ కాకపోయినా, అన్నయ్య అరవై రూపాయలు పెట్టి కెపాసిటరు కొని, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్లాడు. సిగ్నల్స్ నాయక్ స్టూలు పట్టుకున్నాడు, ముసలి సుబేదారు కింద నిలబడి ఆజ్ఞలిచ్చాడు. ఇన్‌చార్జి అధికారి బయటికి వచ్చి, అనుమతి లేకుండా ప్రభుత్వ ఆస్తిని ముట్టుకున్నందుకు ముగ్గురినీ మందలించి, ఆ తర్వాత ఆ ఫ్యాను కిందే కూర్చుని వాళ్లతో పాటు టీ తాగాడట.